గోడ ఎత్తు

ఇల్లు కట్టి చూడమన్నారు, పెళ్లి చేసి చూడమన్నారు.
తెలియని ఊళ్లో అద్దిల్లు వెతికి చూడమని
ఎవరూ అనలేదు.

లువుయోకి జోహన్నెస్‌బర్గ్‌లో
విమానాలు బాగుచేసే షెడ్డులో పని దొరికింది.
ఈస్ట్ లండన్ సముద్రాన్ని కారు వెనకద్దంలో వదిలేసి
పదకొండు గంటలు నడిపి
వాళ్ల మేనత్త వంటింట్లో పక్కలు పరుచుకున్నాం.
మర్నాటి నుంచీ వీధులు.

బడిలో లెక్కలు చెప్పినదాన్ని,
నోటుబుక్కులో గళ్లు గీశాను:
అద్దె, అడ్వాన్సు, బడి ఫీజు, టాక్సీ చార్జీ,
కరెంటు పోతే నీళ్లొస్తాయా.
చివరి గడికి ఏం పేరు పెట్టాలో తెలియక
'రాత్రి' అని రాశాను.

మొదటి పేట అందంగా ఉంది.
రోడ్డంతా ఊదారంగు జకరాండా పూలు.
రెండు నిలువుల గోడలు, పైన కరెంటు తీగ,
తీగకి వేలాడే పసుపు రేకు మీద పుర్రె బొమ్మ.
"లోపల సింహాలున్నాయా అమ్మా?" అంది
నాలుగేళ్ల ఇమినాతి.
"సింహాలు బయటుంటాయి పాపా" అని నవ్వాడు ఏజెంటు,
ఆ నవ్వు ఎక్కడ పెట్టాలో తెలియక
తాళాల గుత్తి తడుముకున్నాడు.
అద్దె చెప్పాడు.
లువుయో జీతంలో ముప్పాతిక.

రెండోది చవక.
మధ్యాహ్నం చూస్తే బాగానే ఉంది.
చీకటి పడ్డాక మళ్లీ వెళ్లాం.
స్తంభాలున్నాయి, తీగల్లేవు,
రాగి కోసం ఎవరో కోసుకుపోయారు.
కూడలిలో ఎర్ర లైటు చూసి మేం ఆగాం.
వెనక కారు ఆగలేదు,
ఇక్కడ ఆగకూడదని పాఠం చెబుతున్నట్టు
హారన్ కొట్టుకుంటూ మమ్మల్ని దాటిపోయింది.
ఇంటికొచ్చేదాకా లువుయో నోరు విప్పలేదు.

మూడోదీ నాలుగోదీ గుర్తులేవు.
ఒకదాంట్లో స్నానాలగది గోడ మీద
ఏనుగంత చెమ్మ మరక.

క్లిప్‌దాల్‌కి వెళ్లింది పెట్రోలు మిగిలిందని.
రన్‌వేకి కూతవేటు దూరం.
గోడలు నా భుజాల ఎత్తే.
రాత్రి తొమ్మిదింటికి
ఓ గేటు బయట గడ్డిలో
గులాబీరంగు పిల్లల సైకిలు పడుంది.
పొద్దున ఆరింటికి మళ్లీ వచ్చి చూశాం,
అక్కడే ఉంది, తేమకి తడిసి.
"ఇదీ లెక్కంటే!" అన్నాను.

ఆ ఇంటావిడ బయటికొచ్చింది, దికెలెది ఆవిడ పేరు.
మా మొహాలు చూసి, సైకిలు చూసి,
"దానికి చైను లేదు, పెడళ్లు లేవు,
దొంగకి ఎదురు డబ్బిచ్చినా పట్టుకుపోడమ్మా" అంది.

లెక్క తప్పిన సిగ్గుతో తలొంచుకుంటే
ఆవిడ పాదాలు కనబడ్డాయి.
చెప్పుల్లేవు.
చేతిలో టీ కప్పు.
వెనక గేటు బార్లా తెరిచుంది, వీధి తలుపూ తెరిచుంది,
పొయ్యి మీద గంజి పొంగే వాసన దాకా
అంతా తెరిచే ఉంది.
ముక్కూ మొహం తెలియని మాతో
పావుగంట నిలబడింది,
ఒక్కసారీ వెనక్కి చూడకుండా.

ఎదురిల్లు ఖాళీయే అంది.
దొంగతనాలు లేవా అంటే
ఎందుకు లేవు, పోయినేడు మా గ్యాసు బండ పోయింది,
ఈల ఊదితే పదకొండిళ్లు లేచొచ్చాయి,
బండ మాత్రం దొరకలేదు అంది.
మరి అద్దె ఇంత తక్కువేమిటని లువుయో అడిగేలోపే
కార్గో విమానం మా నెత్తి మీదుగా దిగింది.
కప్పులో టీ వణికింది.
చప్పుడు సద్దుమణిగాక
"అదీ సంగతి" అంది దికెలెది.

ఇప్పుడు మా కిటికీ రెక్కల సందుల్లో
మడిచిన కాగితాలు.
టీవీలో ప్రతి నాలుగో మాటా మేమే పూరించుకుంటాం.
నోటుబుక్కు ఇమినాతిదైపోయింది,
'రాత్రి' గడి నిండా విమానాలు గీసింది.
చప్పుడైనప్పుడల్లా పక్క మీద లేచి కూచుని
"ఇది నాన్న బాగుచేసిందేనా?" అంటుంది.
అవునంటాను, ప్రతిసారీ.

నిన్న రెండింటికి లేచాను,
గేటుకి తాళం వేశానో లేదో చూద్దామని.
వేసే ఉంది.
చెప్పుల్లేకుండా మాత్రం
ఇంకా వీధిలోకి దిగలేదు నేను.