రెండు కంపెనీలు

ముందు టైరు మలకొండయ్య కొన్నది.
వెనకది నేను కొన్నది.
బండి కాగితాలు మా ఇద్దరి పేరునా లేవు,
మూడు చేతులు మారినా
కొండపి పొగాకు రైతెవరో, ఆయన పేరే మోస్తా ఉండాది.

రామాయపట్నంలో ఐసుపెట్టె ఎక్కించి
తెల్లారేసరికి కందుకూరు.
కానాగంతలు, కవళ్లు, అడుగున కాసిని చిన్నరొయ్యలు.
పెట్టె కారతా పోతుంటే
తెట్టు రైలుగేటు దాకా పిల్లులకు దారి తెలిసేది.
వాడు తోలేవాడు. నేను తూచేవాణ్ణి.

పదకొండు వందల కాడ విడిపోయాం.
పదకొండు వేలైతే కూర్చుని మాట్లాడుకునేవాళ్లమేమో.
పంపకాల్లో వాడు కాటా తీసుకున్నాడు,
నాకు బండి వచ్చింది.
తోలేవాడి చేతిలో కాటా,
తూచేవాడి చేతిలో హ్యాండిలు.

బరువంతా వెనకే గదా,
వెనక టైరు ఏడాది తిరక్కుండానే బట్టతల.
రబ్బానీ కొట్లో ఆ కంపెనీది లేదు.
"ఇంకోటి ఎక్కిస్తా అబ్బయా, రెండూ రబ్బరే" అన్నాడు.
షోరూము పిల్లోడు మాత్రం తల అడ్డంగా ఊపాడు.
ముందొకటి వెనకొకటి వద్దంట,
దేని పట్టు దానిదంట.
ఎట్టా తెలుస్తదంటే
"వానలో" అన్నాడు, ఫోను మీంచి తల ఎత్తకుండా.

ముందు టైరుకి నిలువు గీతలు,
పద్దుపుస్తకంలో మాదిరి.
వెనక దానికి గడులు గడులు.
ఒకటి దారి చూస్తది, ఇంకోటి బరువు మోస్తది,
రెండింటికీ మాటల్లేవు.

ఊరు మాత్రం?
నా రేషను కార్డు మీద ప్రకాశం,
మా పాప సర్టిఫికెట్టు మీద నెల్లూరు.
ఏ పూట ఏ జిల్లానో ఆఫీసులో అడగాల్సిందే.
కందుకూరు కందుకూరులోనే ఉండాది.

కార్తీకంలో, గుడ్లూరు దాటినాక,
కల్వర్టు కాడ గేదె అడ్డమొచ్చింది.
రెండు బ్రేకులూ ఒక్కసారే నొక్కా.
మలకొండయ్య టైరు నిలబడింది.
నాది వినలా.
వెంట్రుక వాసి ఆలస్యం, అంతే,
తోక విదిలించినట్టు బండి తిరిగింది,
పెట్టె మూత ఎగిరింది,
చచ్చిన చేపలు రోడ్డు మీది నీళ్లలో
ఇంకోసారి ఈదినై.
గేదె నిలబడి చూసింది.
మోకాలు పగిలింది గానీ
నాకు ముందు గుర్తొచ్చింది వాడు,
ఈ మలుపులో కాలు ఎట్టా పెట్టేవాడా అని.

ఆ పైన నేర్చుకున్నా.
వెనకది ముందే, మెత్తగా, అడుక్కున్నట్టు.
ముందుకి రెండు వేళ్లే.
పాదం కింద ఒక లెక్క మొదలైంది,
ఏ పద్దులోనూ రాయలేనిది.

మొన్న ముందుదీ అరిగింది.
దాని మీది పేరు చెరిగి
చివరి రెండక్షరాలే మిగిలినై.
రబ్బానీ ఈసారి రెండూ ఒకే కంపెనీవి వేశాడు.
బండి నూనె రాసినట్టు పోతా ఉండాది.
నాలుగు రోజులు నా కాలే తడబడింది,
రాని జారుడు కోసం కాచుకుని.

పాత టైరు పెట్టె మీద కట్టుకుని
రామాయపట్నం పొయ్యా.
మలకొండయ్యకి ఇప్పుడు పడవలో పావలా వాటా.
"గాలి లేనిదాన్ని ఏం జేసుకోను" అన్నాడు.
అన్నాడే గానీ
తాడు తెచ్చి పడవ పక్కకి కట్టాడు,
ముడి రెండుసార్లు లాగి చూశాడు.
పదకొండు వందల ఊసు
వాడెత్తలా, నేనెత్తలా.

ఆ పూట నా కానాగంతలు వాడే తూచాడు,
ఆ కాటా మీదే.
వంద గ్రాములు నావైపు మొగ్గింది.
తూచేవాణ్ణి గదా, చూశా.
చెప్పలా.