మూడో అట్ట

పర్లాకిమిడి పోస్టాఫీసులో దండాసి
పార్సెల్‌ను చెవి దగ్గర ఊపుతాడు, కొబ్బరికాయలా.
"మొన్నా ఇదే కదా, నీలాచలం?"

ఇదే. ఐదో సంచికే. లోపల బొమ్మలన్నీ అవే.
మొన్నటి అట్ట మీద ఆమె ఊరి మీదుగా ఎగురుతోంది.
దీని మీద ఒట్టి బూట్లు,
గుమ్మం పక్కన, బురదతో.

ఈ బూట్ల కోసం నెల్లాళ్లు
టిఫిను మానేశాను.

అక్క పెళ్లిచీరల కవర్లు కత్తిరించి
చెమ్మ చేరకుండా ఒక్కోదానికీ తొడుగుతాను.
"కవరుకి కవరా!" అంటుంది అమ్మ.
ఇంకోటుంది, మూడోది, నలుపు తెలుపుల్లో.
విశాఖలో ఎవడో ఇవ్వనంటున్నాడు.

రసీదు ఒడియాలో రాస్తాడు దండాసి: నీళాచళ.
నా సున్నా ప్రతిసారీ మింగేస్తాడు.
సంతకంలో నేనే పెట్టుకుంటాను,
కాస్త పెద్దదిగా.