జీడిపిక్క

తిత్లీ గాలికి మిగిలిన
ఒక్క జీడిచెట్టు మీద
పిడికెడు కోతిపిల్ల.
ముడతల మొహం, నడినెత్తిన పాపిడి,
చెవుల్లోంచి ఎండ ఎర్రగా కనిపిస్తోంది.

పండు కొరుకుతుంది,
రసం మోచేతి దాకా.
పిక్కని మాత్రం ముట్టదు,
మొన్నెప్పుడో మూతి పొక్కి ఉంటుంది.

కుక్క మొరిగిందా,
ఉన్నదంతా బుగ్గసంచిలో కుక్కుకుని
చిటారు కొమ్మకి.
నమలడం అక్కడ, తీరిగ్గా.

కింద దమయంతి నవ్వింది:
"బేగి నేర్సీసినావే గుంటా,
నాకు ముప్పయ్యేళ్ళకీ ఒంటబట్నేదు."

పలాసలో పిక్కలు కొట్టీ కొట్టీ
జీడి తిన్న బొటనవేలు.
నిన్న రేషన్ మిషను మీద
ఆరుసార్లు పెట్టింది.
మిషను ఎవరివన్నట్టు ఊరుకుంది.

ఆ వేలే ఇప్పుడు
పైకెత్తి చూపిస్తే
కోతిపిల్ల తల పక్కకి వాల్చి
చాలాసేపు చూసింది.