గవ్వకేటి గ్యాపకం

ఎనిమిదో తరగతిని రూపాయి బిళ్ళలు తెమ్మన్నాను.
ముప్పై నలుగురిలో ఇద్దరే తెచ్చారు.
"బిళ్ళలెక్కడివి టీచరా, అన్నీ ఫోన్‌పేలే కదా"
అన్నాడు సూరాడ అచ్చిబాబు.
మర్నాడు ఎవరూ చెప్పకుండానే
వాడి జేబు నిండా గవ్వలు.
బొమ్మా బొరుసూ లేకపోతేనేం,
నోరూ వీపూ ఉన్నాయి.

పెదజాలారిపేట మునిసిపల్ బడి.
బల్లలు వెనక్కి నెట్టి నేలమీద చేరాం.
కిటికీలోంచి ఎండుచేపల వాసన,
వలలు బాగుచేసే వాళ్ళ కబుర్లు.
"నోరు పైకి ఎన్నిసార్లు పడుతుంది?
ముందు ఊహ చెప్పండి, తర్వాతే వెయ్యండి."
సగం, అన్నారందరూ.
పుస్తకంలో అలాగే ఉంది మరి.

వేశారు.
నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డంగా,
నల్లబల్ల నిండా పుల్లల కట్టలు.
రెండొందల పందేల్లో నోళ్ళు డెబ్బై ఎనిమిది.
మిగతావి నేనే ఎక్కడో మింగేసినట్టు
నా వంక చూశారు.
మళ్ళీ వేశారు. ఎనభై మూడు.
"పుస్తకం తప్పా టీచరా?"
కాదు. గవ్వ బిళ్ళ కాదు.
వీపు ఉబ్బు, పొట్ట చదును,
ఎలా కూర్చుంటే సుఖమో దానికి దాని లెక్క ఉంది.

అప్పుడు గరికిన పైడమ్మ
వరసగా ఆరుసార్లు బోర్లా వేసింది.
అందరూ మూగారు.
"ఈపాలి నోరే! రాసి పెట్టుకో!
ఎంతసేపని బోర్లా పడుకుంటాది?"
చింతపిక్కలు పందెం కాశారు,
నేను చూడనట్టే ఉన్నాను.
పైడమ్మ గుప్పిట కుదుపుతూ
"ఆరు పాల్లు పడ్డానని
గవ్వకేటి గ్యాపకముంటాదా?" అంది.

ఇరవై రెండేళ్ళుగా
'స్వతంత్ర ఘటనలు' అని రాసి
కింద రెండు గీతలు కొడుతున్నాను.
ఆ గీతలు ఇవాళ చెరిపేశాను.

అచ్చిబాబు మాత్రం నవ్వలేదు.
"మా అయ్యకి నాలుగు రోజులై వల ఉత్తిదే ఒస్తంది.
రేపు పడక తప్పదని
డీజిలుకి అప్పు తెచ్చినాడు.
మరి సంద్రానికీ గ్యాపకం నేదా?"

గదిలో ఫ్యాను ఒక్కటే తిరిగింది.
పైడమ్మ గవ్వ కింద పెట్టింది.
"సంద్రం గవ్వ కాదురా.
దానికి గాలుంటాది, నీటి వాటముంటాది,
నిన్న ఎవులు ఎంత తోడీసినారో
అదీ ఉంటాది."

ఈ మాటకి నా దగ్గర సూత్రం లేదు.
బల్ల మీద నడిమి గీత గీసి
ఒక పక్క గవ్వ, ఒక పక్క అల వేశాను.
ఏది ఎటు చెందుతుందో మీరే రాయండన్నాను.
క్రికెట్ టాసు. కరెంటు కోత.
అమ్మకి పుట్టబోయేది తమ్ముడో చెల్లో.
తుపాను.
'లెక్కల్లో నా మార్కులు' అని రాసిన చెయ్యి ఎవరిదో
ఎటూ తేల్చుకోలేక
గీత మీదే రాసి వెళ్ళిపోయింది.

సాయంత్రం బీచి రోడ్డులో నిలబడ్డాను.
అరగంటగా టెన్‌కే జాడ లేదు.
ఇంతసేపు రాలేదు గనక ఇక రావాలి,
అనుకుని
నాకు నేనే దొరికిపోయాను.
చేతిసంచిలో గవ్వ, ఎదురుగా సముద్రం.
బస్సుని ఏ పక్కన రాయాలి?

రేపు పైడమ్మని అడగాలి.
అచ్చిబాబుని ఏమీ అడక్కూడదు,
వాడంతట వాడు చెప్పేదాకా.