ఆటు వేళ

రెసీఫెలో, మడ అడవి అంచున మా రేకుల ఇల్లు.
జురాందిర్ కాలికి కోర్టు కట్టిన నల్లపెట్టె
పూటకోసారి కరెంటు తాగుతుంది.
గోడ ప్లగ్గుకు కాలు తగిలించుకుని
పితికేదాకా నిలబడ్డ మేకలా
కదలకుండా కూర్చుంటాడు.

రాత్రి ఎనిమిది దాటితే గడప దాటకూడదు.
ఈ వారమంతా ఆటు నడిరేయికే.
జడ్జిగారి గడియారం సంగతి
సముద్రానికి ఎవరు చెప్పాలి?

"నాన్న చేశాడని తేలిందా?" చిన్నది అడిగింది.
లేదే, ఇంకా ఎవరూ అడగనే లేదు.
వాయిదా ఆగస్టుకి.

నిన్న నేనే దిగాను, మోకాలిలోతు బురదలోకి.
పదకొండు పీతలు.
డెక్కలు దగ్గరికి లాగి
దారంతో కడుతుంటే
అతను గోడవైపు తిరిగాడు.

కాలిమీద పెట్టె వణికింది.
చార్జింగ్ అయిపోతోందట.