నా చేతిరాత బాగుంటుంది

నా చేతిరాత బాగుంటుందని
నియమాలు నాచేతే రాయించారు.

బ్రాడీపేట, నాలుగు బై పద్నాలుగు.
మూడంతస్తుల లేడీస్ హాస్టలు.
తొంభై ఆరు మంచాలు, ఒకటే నీళ్ళ ట్యాంకు.
వార్డెన్ అంటే ఎవరికీ భయం లేదు,
ఉన్న భయమంతా అక్కల కమిటీ అంటేనే.
అక్కలు మంచివాళ్ళే. అది ముందే చెప్పాలి.
నేను చేరిన రాత్రి
సుచరితక్క తన దిండు నాకిచ్చి
చీర మడిచి తలకింద పెట్టుకుంది.
పరీక్ష ఫీజు కట్టలేని పిల్ల పేరు బయటపడకుండానే
గాజుల డబ్బాలో చందా పోగయ్యేది.

అందుకే స్కెచ్ పెన్ను చేతికిచ్చి
"రాయవే, మన మంచికే" అంటే రాశాను.
హాస్టల్ పేరు ఫోన్లో ఎక్కడా పెట్టకూడదు.
కూర ఫోటో పెట్టకూడదు.
మేడమీద ఆరేసిన బట్టలు వెనకాల పడేలా సెల్ఫీ దిగకూడదు.
ఏడ్చే బొమ్మ పెడితే, ఎందుకో ముందు అక్కలకి చెప్పాలి.
ఇంకా ఏడు.
అచ్చు గుద్దినట్టు,
సున్నాలన్నీ ఒకే కొలతలో.
కింద తొంభై ఆరు సంతకాలు.

మార్చిలో, యార్డు ఘాటు కిటికీల్లోంచి వచ్చి
అందరం తుమ్ముతున్న రోజుల్లో,
కృపామణి గ్లాసు నీళ్ళు ఫోటో తీసి స్టేటస్ పెట్టింది.
నీళ్ళల్లో సన్నటి ఎర్రపురుగు, దారపు పోగులా.
ఒక్క మాటా రాయలేదు.

ఆ రాత్రి మేడమీద చాపలు పరిచారు.
ఎవరూ అరవలేదు. మరమరాలు కూడా పంచారు.
"బయట తెలిస్తే మనందర్నీ చదువు మాన్పించి తీసుకుపోతారే,
మా నాన్న ఈ మాట కోసమే కాచుకునున్నాడు" అంది సుచరితక్క.
నిజంగానే ఏడ్చింది.
కృపామణి ఫోను చేతులు మారి మారి
చివరికి నా ఒళ్ళో పడింది.
క్షమాపణ నేనే రాశాను, ఆ పిల్ల పేరుతో.
"నా తొందరపాటు" అని మొదలుపెట్టాను.
చదువుకుని, "బాగా రాశావక్కా" అంది.
అందులో ఎత్తిపొడుపు ఉందేమోనని
ఇప్పటికీ వెతుకుతుంటాను.

తర్వాత వారం దాని స్టేటస్‌లో ఒక అంకె.
నల్లటి తెర మీద తెల్లగా, 4.
రెండ్రోజులకి 7.
ఆదివారం చర్చికి పోయొచ్చి 11.
ఏమిటే ఇది అంటే,
"అంకెలే కదక్కా, నియమాల్లో లేవుగా."
ఏ రూములో ఎవరు అన్నం పక్కకి నెడుతున్నారో
ఎవరి కళ్ళు పచ్చబడ్డాయో
మాకూ తెలుసు.
లెక్క మాత్రం దాని దగ్గరే ఉంది.

19 నాడు కమిటీ కూర్చుంది.
పన్నెండో నియమం కావాలన్నారు.
అంకె వేసి, చుక్క పెట్టి, ఆగాను.
"ఏమని రాయను? లెక్కపెట్టకూడదనా?"
సుచరితక్క ఏదో చెప్పబోయి
నా మొహం మీదికి వంగి
కింది రెప్ప వేలితో లాగి చూసింది.
కాసేపు అక్కడ కమిటీ లేదు.

తర్వాత రెండ్రోజులు సరిగా గుర్తులేవు.
ఎవరో బార్లీ నీళ్ళు పట్టారు, కాచి చల్లార్చినవి.
పెద్దాసుపత్రికి ఆటో ఎంత అడుగుతాడని
ఎవరో ఎవర్నో అడిగారు.
గాజుల డబ్బా మూత తీసిన చప్పుడు.

తెల్లవారుజామున ఫోను చూశాను.
కృపామణి. 20.
అది నేను.

వేలు కిందికి జరిపాను.
సుచరితక్క.
నల్లటి తెర.
21.