తడి భుజం

వారానికి ఇన్ని రాగి నాణేలని
మా దొరసాని నన్ను అద్దెకిచ్చింది
ఫ్లాండర్స్ నుంచి వచ్చిన లీవెన్ మేస్త్రికి.
రంగులు నూరడం నా పని.

సీసపు తెలుపు, ఇటుక ఎరుపు
రాతి మీద తేలిగ్గా లొంగుతాయి.
నలుపు మాత్రం వేరు:
దువ్వెనలు కోసేవాడి అంగట్లో రాలిన దంతపు పొట్టు
మూకుట్లో మూతపెట్టి మాడ్చి
అవిసె నూనెతో మెదపాలి.
ఆ దంతమూ, మా అమ్మా
ఒకే ఓడలో దిగారట.
ఈ మాట మేస్త్రికి చెప్పలేదు. ఆయన అడగనూ లేదు.

కిటికీ కింద లిస్బన్ నీళ్ళకి కొట్టుకుంటోంది.
ఆరు రాతి నోళ్ళు, అరవై కడవలు.
"నా వంతు" అన్న మాట
ఎన్ని భాషల్లో తిట్టుగా మారుతుందో
అక్కడ నిలబడితే తెలుస్తుంది.
గలీసియా కూలీ కావడి అడ్డం పెడతాడు.
శుక్రవారం సాయంత్రం రెండు కడవలు ఎక్కువ పట్టుకెళ్ళే
కొత్త క్రైస్తవురాలిని
ఎవరూ ఏమీ అనరు, అందరూ చూస్తారు.
మా రంగువాడే ఒకడు, గుర్రం మీద, అంగీకి ఎర్ర శిలువ,
మా వైపు చూడడు.
తాగిపడ్డ బల్తెసార్‌ని భటులు ఈడ్చుకెళ్తుంటే
వాడి చెప్పొకటి కుక్క నోట్లో.

మేస్త్రి అన్నీ వేశాడు. కుక్కని కూడా. చెప్పుని కూడా.
నీళ్ళు మోసే ఆడవాళ్ళని మాత్రం
ఒకే ముఖంతో పన్నెండుసార్లు వేశాడు.
"వీళ్ళలో మీ అమ్మెవర్రా?" అన్నాడు నవ్వుతూ.
చెడ్డవాడేం కాదు.
గోరంత మనుషులు.
నిజంగానే వెతికాను.

మా అమ్మ బ్రియొలాంజా. అది ఇక్కడ పెట్టిన పేరు.
అసలు పేరు నాకూ చెప్పదు,
వాడితే అరిగిపోతుందంటుంది.
ఆమె కడవకి అంచు పెచ్చూడింది.
కొత్తది కొనివ్వరు.
అల్ఫామా మెట్లెక్కి ఇంటికి చేరేసరికి
ఎండైనా వానైనా ఎడమ భుజం తడి.
కుడి భుజమే కావాలని ఏడ్చేవాణ్ణి, చిన్నప్పుడు.

ఆ రాత్రి మిగిలిన నలుపు ఒక్క చుక్క
ఉడుతవెంట్రుకల కుంచె కొసన తీసుకుని
మెట్ల దగ్గర మూడో ఆమెకి
గుడ్డ రంగు ముదిరేలా
ఎడమ భుజాన అంటించాను.

పొద్దున మేస్త్రి వంగి చూశాడు.
చాలాసేపు.
"ఎండ అటుంటే నీడ ఇటెలా పడింది?"
"నీడ కాదు" అన్నాను.
తుడవడానికి గుడ్డపేలిక తీసి
ఎందుకో తన చేతులే తుడుచుకున్నాడు.

పటం ఓడెక్కింది, గోనెలో చుట్టి
దాల్చినచెక్క బస్తాల నడుమ. ఎవరింటికో తెలీదు.
అక్కడ రాత్రంతా గదిలో మంట ఉంటుందట,
గోడలు పొడిగా ఉంటాయట.

అమ్మకి చెప్పాను.
కడవ దించి, చేతిగుడ్డ పిండుకుంటూ
"మరి కడవకి పెచ్చు వేశావా?" అంది.

అది మర్చిపోయాను.